రెండు స్కేళ్ళు, రెండు లీవర్లు

పాటర్న్ షాపులో కొత్తగా చేరినవాళ్ళ కోసం నా అనుభవాలు రాసిమ్మన్నారు. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఫోర్‌మన్‌నయ్యాను, ఎవరి చేత శాలువా కప్పించుకున్నాను, ఇవేవీ రాయను. అవి చదివి ఎవడూ ఉలి పట్టడం నేర్చుకోలేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను అన్నిటికంటే ఎక్కువగా చేసిన పని విసుక్కోవడం. దేని మీద విసుక్కున్నానో చెప్తే మీకు పనిలో సగం అర్థమైపోతుంది.

అందుకు ఫౌండ్రీ కథలన్నీ తవ్వనక్కర్లేదు. నిరుడు టాటానగర్ సోనారిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక ట్యాంకు చేశాం. అసలు ట్యాంకు కాదు, ఎనిమిదో వంతు కొలతల్లో రిమోటుతో నడిచేది. జీవితమంతా ఏ తప్పుల మీద అరిచానో ఆ తప్పులన్నీ ఆ బొమ్మ చుట్టూ మళ్ళీ వరసగా వచ్చి నిలబడ్డాయి. అదే చెప్తాను.

మనం చేసేది ఎవరూ వాడరు

పాటర్న్ మేకరు అంటే బయటివాళ్ళకి తెలీదు. మా అత్తవారి ఊళ్ళో ఇప్పటికీ నేను టాటానగర్‌లో కుర్చీలూ బల్లలూ చేసేవాణ్ణనే అనుకుంటారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒప్పేసుకున్నాను.

ఇనుముతో ఒక పంపు తొడుగు పోతపొయ్యాలంటే ముందు అదే ఆకారం చెక్కతో చెయ్యాలి. దాన్ని పెట్టెలో పెట్టి, చుట్టూ ఇసుక గట్టిగా కూరి, మెల్లగా పైకి తీస్తే ఇసుకలో దాని ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. ఆ చెక్క ఆకారమే పాటర్న్. పోత బయటికొచ్చి, మిషనెక్కి, రంగు వేయించుకుని, ఎక్కడికో వెళ్ళి పనిచేసుకుంటుంది. పాటర్న్ మాత్రం తిరిగి అటకెక్కి దుమ్ము కొట్టుకుపోతుంది. మనం చేసిన వస్తువుని ఎవరూ వాడరు. ఇది కష్టంగా అనిపించేవాళ్ళు ఇప్పుడే వేరే షాపుకి బదిలీ అడుక్కోండి.

ఇంకో సంగతి. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుంటుంది. అందుకని పాటర్న్‌ని కావలసిన కొలత కంటే ఆ కాస్తా పెద్దగా చెయ్యాలి. ప్రతి కొలతకీ లెక్క కట్టుకుంటూ కూర్చోకుండా, ఆ పెంపు ముందే కలిపేసి గీతలు చెక్కిన స్కేలు ఒకటి ఉంటుంది. కాంట్రాక్షన్ స్కేలు అంటాం. చూడ్డానికి అచ్చం మామూలు స్టీలు స్కేలే. గీతలే ఒక పిసరు ఎడంగా ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలీదు. పోతపోసే వస్తువు పాటర్న్‌కి ఆ స్కేలు, తిన్నగా కోసి వాడే వస్తువుకి మామూలు స్కేలు. మన వృత్తిలో అన్నిటికంటే చిన్న విషయం ఇదే. అన్నిటికంటే ఎక్కువ సరుకు తగలేసిందీ ఇదే.

ఎర్ర మచ్చ

నాకు పని నేర్పిన మేస్త్రీ కాంట్రాక్షన్ స్కేళ్ళన్నిటికీ కొసన ఎర్ర రంగు పూసి ఉంచేవాడు. ఎవరూ చెప్పకుండానే షాపంతా ఆ అలవాటు పాకింది. ఎరుపుంటే పోతకి, లేకపోతే కోతకి. అంతే.

తర్వాత మాకు ఘోష్ సాబ్ అనే మేనేజరు వచ్చాడు. చెడ్డమనిషని నేను అనను. పండక్కి అందరికీ మిఠాయి పంచేవాడు. కాకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఒకసారి పై ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు తనిఖీకి వస్తున్నారని షాపంతా కడిగించాడు. పనిముట్ల బోర్డు మీద కొన్ని స్కేళ్ళకి రంగుండి, కొన్నిటికి లేకపోవడం ఆయనకి అసహ్యంగా కనపడింది. థిన్నరు తెప్పించి అన్నీ తుడిపించేశాడు. వద్దని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"ఆద్మీ కో పఢ్‌నా ఆనా చాహియే, రామ్మూర్తి" అన్నాడు. స్కేలు వెనకాల చిన్నక్షరాలు చెక్కి ఉంటాయిగా, మనిషన్నాక చదువుకోవాలి అని ఆయన పాఠం.

ఉంటాయి. మే నెలలో, చెమట కారే కళ్ళజోడులోంచి, షిఫ్టు మీద షిఫ్టు పనిచేసినవాడికి ఆ అక్షరాలు కనపడవు. తనిఖీవాళ్ళు బోర్డు వైపు చూడను కూడా లేదు. సమోసాలు తిని వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక పెద్ద పంపు తొడుగు పాటర్న్ వచ్చింది. పై సగం ఒకరు, కింద సగం ఇంకొకరు చేశారు. ఇద్దరూ మంచి పనివాళ్ళే. ఒకడి చేతికి ఒక స్కేలు దొరికింది, రెండోవాడికి రెండోది. పోత వచ్చాక పై సగం కింద సగం మీద కూర్చోలేదు. మళ్ళీ కరిగించడమే. ఘోష్ సాబ్ ఆ ఇద్దరినీ గదిలోకి పిలిచి గంటసేపు శ్రద్ధ గురించి మాట్లాడాడు. ఎర్ర రంగు గురించి ఒక్క ముక్క రాలేదు.

మీరు గుర్తు పెట్టుకోండి. పనిముట్టు మీద గుర్తు తెలివితక్కువవాడి కోసం కాదు, అలిసిపోయినవాడి కోసం. అందరం అలిసిపోతాం.

నర్సమ్మ అడిగింది

అప్పలస్వామి నాకు బావ. పలాస వైపు మనిషి. మీసాలు రాగానే పటాలంలో చేరి, డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు బెంగాలు పొలాల్లో ట్యాంకు నడిపాడు. రష్యా నుంచి వచ్చిన తేలిక రకం, నీళ్ళొస్తే పడవలా ఈదుకుంటూ పోయేదట. పటాలం వదిలాక మా ఫౌండ్రీలోనే క్రేను డ్రైవరయ్యాడు. అక్కడా లీవర్లే. పెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నా ఆ ట్యాంకు గోలే. ఎడం లీవరు లాగితే ఎడమకి తిరుగుద్ది, కుడి లీవరు లాగితే కుడికి, రెండూ లాగితే ఆగుద్ది. అన్నం కలుపుతూ కూడా చేతులతో చేసి చూపించేవాడు. నాకు కంఠతా వచ్చేసింది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి ఎడం పక్క పడిపోయింది. కాలు తిరిగి వచ్చింది. మాట వచ్చింది, అదే ముందొచ్చింది. చెయ్యి రాలేదు. చేతిలో ప్రాణముంది, వాడితే తిరుగుతుంది, వాడకపోతే ఇలాగే బిగుసుకుపోతుంది అని డాక్టరు స్పష్టంగా చెప్పాడు. పిసకమని రబ్బరు బంతి ఇచ్చారు. దాన్ని బావ కిటికీలోంచి వీధిలోకి విసిరేశాడు, కుడి చేత్తో.

నర్సమ్మ ఆయన భార్య, నాకు వరసకి చెల్లెలు. ఒక మధ్యాహ్నం అగ్రికో కాలనీలో వాళ్ళింటి నుంచి ఆటోలో ఒక్కతీ వచ్చింది. గుమ్మంలోనే మొదలెట్టింది.

"అన్నయ్యా, మీ బావకి నా మాటంటే లెక్కనేదు. బంతి పిసకమంటే నానేటి సంటిపిల్లోడినా అంతన్నాడు. సొక్కా గుండీలు నానే పెట్టాల, టీ గలాసు నానే పట్టాల. సెయ్యి రోజురోజుకీ కర్రలాగయిపోతంది. నువ్వు సెప్తే ఇంతాడు."

"నా మాట ఎప్పుడిన్నాడమ్మా?"

"సెప్పొద్దులే. ఏటైనా సెయ్యి."

నాకు తెలిసింది ఒకటే. వస్తువు గురించి చెప్పను, చేసిపెడతాను. బావ చేత బంతి పిసికించడం బ్రహ్మ తరం కాదు. కానీ రెండు లీవర్లతో నడిచే బొమ్మ ట్యాంకు ముందు పెడితే చెయ్యి ఊరుకోదనిపించింది. చెయ్యి కోసం అని చెప్పకూడదు, చెప్తే ఆ ట్యాంకు కూడా కిటికీలోంచి పోతుంది. బొమ్మల సరదా పుట్టిందని అబద్ధమాడదామన్నాను. నర్సమ్మ సరేనని, కళ్ళు తుడుచుకుని, మా ఆవిడిచ్చిన టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

పిలవని మేనేజరు

నాకు కరెంటు పని రాదు. నర్సమ్మ కూతురు మీనా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తుంది. మోటార్లూ రిమోటూ తను చూసుకుంటానంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. దానికి అలవాటు పడ్డాను.

అలవాటు పడనిది ఘోష్ సాబ్‌కి. ఆయనా రిటైరై మా రెండో వీధిలోనే ఉంటున్నాడు. అజమాయిషీ చెయ్యడానికి ఇంట్లో మనుషులు చాలక వాకింగ్‌కి వస్తాడు. షెడ్డులో రంపం చప్పుడు విని తొంగిచూశాడు. మర్నాడు కుర్చీ తెచ్చుకున్నాడు. ఆ మర్నాడు రివ్యూ మీటింగ్ అన్నాడు. ఉన్నదే ముగ్గురం. అందులో ఒకడు రివ్యూ చేస్తే ఇద్దరం జవాబు చెప్పుకోవాలి. మా ఆవిడ నవ్వి, "పోన్లెండి, మీకు విసుక్కోవడానికి మనిషి దొరికాడు" అంది.

పెట్టె ప్లైవుడ్డుతో చేశాను. చక్రాలు టేకులో లేతు మిషను మీద తీశాను. ట్రాకు దగ్గర గొడవ మొదలైంది. ట్రాకంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టా గొలుసు. ప్లాస్టిక్‌ది ఆన్‌లైన్లో దొరుకుతుంది అంది మీనా. దొరుకుతుంది, నాకూ తెలుసు. పాటర్న్‌లు చేసి చేసి వేళ్ళు వంకర్లు పోయినవాడు గొలుసు కొనుక్కోవడమా? లింకులు అల్యూమినియంతో పోత పోయిస్తానన్నాను. మీనా కంప్యూటరులో లింకు బొమ్మ గీసుకొచ్చింది. చక్కగా గీసింది. గోడలన్నీ నిటారుగా ఉన్నాయి.

"ఇసకలోంచి ఎలా వత్తదమ్మా ఇది?" అన్నాను. "తిన్నగా ఉంటే లేచేటప్పుడు ఇసకని పీక్కుని లెగుత్తది. కాస్త ఏటవాలు పెట్టాల."

"త్రీడీ ప్రింటర్ మే యే ప్రాబ్లమ్ నహీ హోతా, మామయ్యా."

"ప్రింటర్లో ఉండదు. ఇసకలో ఉంటది. మనం ఎక్కడ సేత్తన్నామో దాని మర్యాద మనం పాటించాల."

మీనా మొహం ముడుచుకుంది కానీ ఏటవాలు పెట్టి తెచ్చింది. మీలో చాలామంది ఇలాగే వస్తారు, తెర మీద అందంగా గీసుకుని. తప్పు కాదు. గీసినవాళ్ళు ఒక్కసారి వెళ్ళి ఇసుకలో చెయ్యి పెట్టండి, అంతే చెప్తున్నాను.

లింకు పాటర్న్‌ని కాంట్రాక్షన్ స్కేలుతో చేశాను. ఆదిత్యపూర్‌లో తెలిసినవాడి చిన్న ఫౌండ్రీలో పోతపోసిచ్చారు. చల్లారాక లింకులు కావలసిన కొలతకి వచ్చి కూర్చున్నాయి. చాలా రోజుల తర్వాత నాకు నా మీద ముచ్చటేసింది.

ఆ ముచ్చటలోనే ఘోష్ సాబ్ తనకీ చేతులున్నాయని గుర్తు చేశాడు. ట్రాకుని లాగే పళ్ళ చక్రాలు, స్ప్రాకెట్లు, తాను చేస్తానన్నాడు. అవి పోత కాదు, అల్యూమినియం ప్లేటు మీద గీసి కోసేవి. బల్ల మీదున్న స్కేలు తీసుకుని గీశాడు, తెలిసిన మిషను షాపులో కోయించి, ఆకురాయి పట్టి నున్నగా తెచ్చాడు. పని శుభ్రంగా ఉంది. అది కూడా చెప్పకపోతే నాకు పాపం.

మద్దెల మీద తప్పు

షెడ్డులో మొదటిసారి నడిపితే ట్యాంకు బారెడు దూరం పోయి, టకటకమని, కుడి ట్రాకు ఊడిపోయింది. ఎక్కించాం. ఈసారి ఎడంది ఊడింది.

ఘోష్ సాబ్ కుర్చీలోంచి లేవకుండా కారణాలు చెప్పాడు. షెడ్డు నేల ఎత్తుపల్లాలుగా ఉంది. నా చక్రాలు వంకరగా ఉన్నాయి. మీనా మోటార్లు రెండూ సమానంగా తిరగట్లేదు. బ్యాటరీ నాసిరకం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, స్ప్రాకెట్ తప్ప అన్నీ తప్పే. నేను చక్రాలు మళ్ళీ లేతు ఎక్కించాను. ట్రాకు బిగించాను, వదులు చేశాను. మీనా కాలేజీ నుంచి వచ్చి మోటార్లు మార్చింది. ఊడుతూనే ఉంది.

ఈ తంతు సాగుతుంటే నర్సమ్మ ఫోన్లు. "అయ్యిందా అన్నయ్యా?" వేళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయని, విప్పితే నొప్పని అరుస్తున్నాడని చెప్పింది. ఆలస్యమయ్యేకొద్దీ కష్టమని డాక్టరు మళ్ళీ అన్నాడట. నేనేమో ఇక్కడ ఒక మాజీ మేనేజరు చేత నా సొంత షెడ్డులో చీవాట్లు తింటున్నాను. కోపంతో అన్నం సయించలేదు.

చివరికి ఒకరోజు మోటారు విప్పేసి, ట్రాకుని స్ప్రాకెట్ మీద చేత్తో చుట్టి చూశాను. మొదటి పన్ను లింకులో కూర్చుంది. రెండోదీ కూర్చుంది. మూడోది బిగువుగా కూర్చుంది. అక్కణ్ణుంచి ఒక్కో పన్నూ కొంచెం కొంచెం పైకెక్కుతూ, ఐదోది లింకు గట్టు మీద నిలబడింది. నాకు కళ్ళ ముందు ఆ పంపు తొడుగు మెదిలింది.

"సాబ్, స్ప్రాకెట్ గీయడానికి ఏ స్కేలు తీశారు?"

"స్కేల్ తో స్కేల్ హై" అన్నాడు. స్కేలంటే స్కేలే, ఏమిటీ ప్రశ్న అన్నట్టు చూశాడు.

నా రెండు స్కేళ్ళూ తెచ్చి ఆయన ముందు పక్కపక్కన పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. వంగి, చివరి గీతలు ఎక్కడున్నాయో చూశాడు. లింకులకి వాడి నేను అక్కడే ఉంచిన, ఆనాడు రంగు తుడిచాక మళ్ళీ పూయని కాంట్రాక్షన్ స్కేలుతోనే స్ప్రాకెట్ గీశాడు. పోసే పోతా లేదు, కుంచించుకునేదీ లేదు. పళ్ళు ఆ పిసరు ఎడంగానే ఉండిపోయాయి.

ఎర్ర రంగు గురించి ఒక ఉపన్యాసం నా దగ్గర ఏళ్ళ తరబడి తయారుగా ఉంది. స్నానం చేస్తూ సానపెట్టుకున్న మాటలవి. తీరా సమయం వచ్చేసరికి ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి. ఏమీ అనలేకపోయాను. అందుకు నా మీద నాకే చిరాకేసింది.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. జేబులోంచి వాళ్ళావిడ గోళ్ళ రంగు సీసా తీసి, కాంట్రాక్షన్ స్కేలు కొసన నిదానంగా ఎర్రగా పూశాడు. ఆరిందాకా ఊదుతూ కూర్చున్నాడు. తర్వాత మామూలు స్కేలు తీసుకుని స్ప్రాకెట్లు మళ్ళీ గీశాడు. తప్పయిందని అనలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి రివ్యూ మీటింగులు మాత్రం ఆగిపోయాయి.

కొత్త స్ప్రాకెట్లతో ట్యాంకు షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళింది. ట్రాకు ఊడలేదు.

దయతో చేసిన తప్పు

ట్యాంకుని దుప్పట్లో చుట్టి నేనూ ఘోష్ సాబూ ఆటోలో పెట్టుకుని అగ్రికో తీసుకెళ్ళాం. బావ వరండాలో కూర్చున్నాడు. ఎడం చెయ్యి ఒళ్ళో పడి ఉంది. దుప్పటి తీయగానే ఆయన కళ్ళు మెరిశాయి. నోరు మాత్రం తన పని చేసింది. "ఫిరంగి కాస్త పొడుగయ్యింది బావా" అన్నాడు.

మీనా రిమోటు ఆయన మెడలో పట్టీతో తగిలించింది. దాని మీదున్న రెండు కర్రల్లో ఒక్కటే చూపించి, ముందుకి తోస్తే ముందుకి, పక్కకి తోస్తే పక్కకి అని చెప్పింది. బావ కుడి చేత్తో తోశాడు. ట్యాంకు వరండా అంతా బుద్ధిగా తిరిగింది. పక్కింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. కాసేపయ్యాక బావ కర్ర వదిలేశాడు.

"బాగుంది. బొమ్మ బాగుంది" అన్నాడు. "ట్యాంకుకైతే రెండు లీవర్లుంటాయి."

ఇక అటు తిరిగి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

మీనాని వంటింట్లోకి పిలిచాను. "ఏటమ్మా ఇది? రెండు లీవర్లని మొదటి రోజే సెప్పేను కదా. ఎవర్నడిగి మార్సేవు?"

"పాపా సే నహీ హోగా, మామయ్యా" అంది. నాన్న వల్ల కాదని. "సబ్ కే సామ్‌నే హాథ్ నహీ ఉఠా తో?" అందరి ముందూ చెయ్యి లేవకపోతే ఆయనేమైపోతాడని భయం. చెప్తూండగానే ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి.

ఇలాంటి తప్పు మీరూ చేస్తారు, చూస్తూండండి. వాడుకునేవాడి మీద జాలిపడి పని సులువు చేసేస్తారు. సులువు చేసినప్పుడు, అతను దేనికోసం వచ్చాడో అదే కోసి పారేస్తారు. ఘోష్ సాబ్ పొగరుతో చేసిన తప్పు స్కేలు పెడితే దొరికిపోయింది. ఈ తప్పు ఏ స్కేలుకీ దొరకదు, ఎందుకంటే వస్తువు బ్రహ్మాండంగా పనిచేస్తూ ఉంటుంది. కానీ నేను ఆ పిల్లని కసరలేకపోయాను.

పొయ్యి దగ్గర నర్సమ్మ మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. తిరక్కుండానే అంది.

"పెట్టమ్మా రెండూ. లెగకపోతే లెగదు. ఇప్పుడేటి, లెగుత్తన్నాదా?"

మీనా చున్నీతో మొహం తుడుచుకుంది. చిన్న స్క్రూడ్రైవరుతో రిమోటు వెనక మూత విప్పి, కర్రలు వెనక్కి లాగే స్ప్రింగులు తీసేసింది. ఇప్పుడు తోసిన చోటే ఉంటాయి, క్రేను లీవర్లలాగే. ఎడంది ఎడం ట్రాకుకి, కుడిది కుడి ట్రాకుకి కలిపింది. అంతా చేశాక నా వైపు చూసి, "రో దేంగే పాపా" అంది. ఏడుస్తారు నాన్న అని. ఏడవనీ అన్నాను.

వీధిలో

రెండు కర్రలూ పనిచేసే రిమోటుని మళ్ళీ బావ మెడలో తగిలించాం. ఆయన కుడి చేత్తో తన ఎడం చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, ఏదో సామాను సర్దినట్టు, ఎడం లీవరు మీద పెట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి దాని చుట్టూ వేశాడు. నేను చూడ్డం చూశాడు.

"ఊరికే, అందానికి" అన్నాడు. "డ్రైవరు ఒంటి సేత్తో కూకుంటే పటాలం పరువేటవుద్ది?"

వీధిలోకి తెచ్చాం. ఆ వీధి కుడి పక్కకి వాలు. ఆ పక్కంతా మూత లేని మురుగుకాలవ. బావ కుడి లీవరు ముందుకి తోశాడు. ట్యాంకు నిలుచున్న చోటే ఎడమకి తిరగబోయింది. గబుక్కున కుడి చెయ్యి అటు తెచ్చి ఎడం లీవరు కూడా తోశాడు. మళ్ళీ కుడి చెయ్యి కుడి లీవరు మీదకి వెళ్ళిపోయింది. ట్యాంకు తిన్నగా బయల్దేరింది.

తిన్నగానే కాసేపు. వాలుకి మెల్లగా కుడికి జారడం మొదలెట్టింది. ఘోష్ సాబ్ చెప్పులు టపటపలాడిస్తూ దాని పక్కన పరిగెత్తుతున్నాడు. "లెఫ్ట్! లెఫ్ట్ కరో భాయి!" కుడి లీవరు ఇంక తోయడానికి లేదు, మొత్తం ముందుకే ఉంది. ఎడం లీవరు వెనక్కి లాగడం ఒక్కటే దారి. ట్రాకు అంచు కాలవ గట్టు మీదకి వచ్చేసింది. మీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ కుడి చెయ్యి లేచింది, అటు సాయానికి.

అది చేరకముందే ఎడం లీవరు వెనక్కి వచ్చింది. ఒక వేలు వెడల్పంత. ఆ ముడుచుకుపోయిన వేళ్ళే లాగాయి. నేను ఆ చేతినే చూస్తున్నాను, ఇంకెటూ చూడలేదు.

ట్యాంకు ముక్కు ఎడమకి తిరిగింది. కాలవ గట్టు దిగి, వీధి అడ్డంగా దాటి, ఘోష్ సాబ్ కాలి మీదకి ఎక్కింది. ఆయన "బాప్ రే" అని కేకేశాడు. బావ రెండు లీవర్లూ లాగాడు. రెండూ. ట్యాంకు ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బావ తన ఎడం చేతిని, అది వేరేవాళ్ళదన్నట్టు, కాసేపు చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఎడం లీవరు బిగుసుగా ఉంది బావా. నూనెయ్యాల" అన్నాడు.

ఇంకెప్పుడైనా అయితే నా పని మీద వంక పెట్టినందుకు అక్కడే పోట్లాడేవాణ్ణి. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. నడివీధిలో, ఘోష్ సాబ్ పక్కన నిలబడి ఏడ్చాను. ఆయన కాలు పట్టుకుని కుంటుతూనే నాకు రుమాలు ఇచ్చాడు. నర్సమ్మ వరండా స్తంభం పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

అటక మీద

ఆ తర్వాత రోజూ ట్యాంకు నడిపాడు. మొదట్లో వీధి చివరిదాకా, తర్వాత కుండీల మధ్య మెలికలు తిప్పుతూ. చెయ్యి పూర్తిగా పాత చెయ్యి కాలేదు. అబద్ధం ఎందుకు? చలికి వేళ్ళు ఇప్పటికీ మొరాయిస్తాయి. కానీ విప్పుకుంటాయి, పట్టుకుంటాయి. ట్యాంకు మోజు కూడా అలాగే తగ్గిపోయింది. మొన్న వెళ్ళినప్పుడు బీరువా మీద కనపడింది. దుమ్ము పట్టింది. ఒక ట్రాకు ఊడి వేలాడుతోంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందట.

మీనా నొచ్చుకుంది. ఇంత కష్టపడి చేశారు, పాపా ముట్టుకోవడం మానేశారు, బాగుచేయించి గాజు పెట్టెలో పెడదామా అని హిందీలో అడిగింది. వద్దన్నాను. పోత పనిలోకి వెళ్ళిపోయాక పాటర్న్ ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఆమెకి అర్థమయిందో లేదో తెలీదు. మీకు అర్థం కావాలి.

నేను ఆ రోజు వెళ్ళింది బావతో కలిసి చేపల బజారుకి పోదామని. పెందరాళే వెళ్ళకపోతే మంచి చేపలుండవు. గుమ్మంలో నిలబడి పిలిచాను. రాలేదు. ఎండెక్కుతోంది. ఆటోవాడు హారను కొడుతున్నాడు. నర్సమ్మ వరండాలో చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది, కదలదు, పలకదు.

"బావా, సేపలన్నీ అయిపోతాయి! వత్తన్నావా లేదా?"

"వత్తన్నానయ్యా. ఇంకా రెండు గుండీలున్నాయి."

కిటికీలోంచి కనపడుతున్నాడు. గడ్డం ఛాతీకి ఆనించి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులతోనూ ఆ గుండీతో కుస్తీ పడుతున్నాడు. అది కాజాలోకి వెళ్ళినట్టే వెళ్ళి జారిపోయింది. మళ్ళీ మొదలెట్టాడు. నేను ఎండలో నిలబడి గొణుక్కుంటూనే ఉన్నాను. లోపలికెళ్ళి, నేను పెట్టనా అని మాత్రం అడగలేదు.